రాడార్‌తో రైలు వేగం కొలవడం: కోణం నుంచి ఎఫ్ఎఫ్‌టి దాకా, స్టెప్ బై స్టెప్

డాప్లర్ మాడ్యూల్ (కదిలేవాటి వేగం చెప్పే చిన్న రాడార్ బోర్డు) తెచ్చుకున్నాం, ల్యాప్‌టాప్‌కి కలిపాం, రైలు వెళ్తుంటే అంకెలైతే వస్తున్నాయి గానీ అదే రైలుకి ఒక క్షణం గంటకి 68 కిలోమీటర్లు చూపించి ఇంకో క్షణం 51 చూపిస్తోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాం అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. తప్పు చాలావరకు కోడ్‌లో ఉండదు. రాడార్ పెట్టిన కోణంలో ఉంటుంది, లేదా రికార్డింగ్‌లో ఏ ముక్క తీసుకున్నారు అన్నదాంట్లో ఉంటుంది. అందుకే ఇక్కడ ఎఫ్ఎఫ్‌టి (సిగ్నల్‌లో ఏయే ఫ్రీక్వెన్సీలు ఎంత బలంగా ఉన్నాయో తేల్చే లెక్క) గురించి కాస్త తక్కువగా, ఆ రెండింటి గురించి బాగా ఎక్కువగా రాశాను.

పట్టాల పక్కన దూరంగా నిలబడి, ఆగకుండా ఒకే ఫ్రీక్వెన్సీ పంపే రాడార్‌తో కొలవడం గురించే ఇదంతా. దూరం కూడా కావాలంటే ఎఫ్ఎమ్‌సిడబ్ల్యూ రాడార్ (ఫ్రీక్వెన్సీని మారుస్తూ పంపేది) కావాలి, ఒక్క వేగమే కావాలంటే మాత్రం దాని అవసరం లేదు.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- డాప్లర్ మాడ్యూల్. 10.525 గిగాహెర్ట్జ్ హెచ్‌బి100 గానీ, 24.125 గిగాహెర్ట్జ్ సిడిఎమ్324 గానీ. రైలు వస్తోందా పోతోందా కూడా తెలియాలంటే ఐ, క్యూ అని (ఒకదానికొకటి పావు చక్రం తేడాతో వచ్చే) రెండు అవుట్‌పుట్లు ఉన్న మాడ్యూల్ తీసుకోండి
- రెండు స్టేజిల ఆప్ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) ఆంప్లిఫైయర్
- బ్యాటరీ లేదా పవర్ బ్యాంక్
- లైన్ ఇన్‌పుట్ ఉన్న యుఎస్‌బి సౌండ్ కార్డ్, ల్యాప్‌టాప్
- ట్రైపాడ్, కోణమానిని, రసమట్టం, పొడవాటి టేపు
- శృతిదండం ఒకటి, 440 హెర్ట్జ్ ది అయితే చాలు
- వీడియో తీయడానికి ఫోన్

మీ దేశంలో ఆ ఫ్రీక్వెన్సీ వాడుకోవచ్చో లేదో ముందే చూసుకోండి. 24 నుంచి 24.25 గిగాహెర్ట్జ్ ఐఎస్ఎమ్ బ్యాండ్ (పరిశ్రమలు, శాస్త్రం, వైద్యం కోసం కేటాయించినది) కాబట్టి ఎక్కువ చోట్ల ఇబ్బంది ఉండదు, 10.525 విషయంలో మాత్రం దేశాన్ని బట్టి రూల్స్ మారతాయి.

2. ఫార్ములాని ఒక్క అంకెకి కుదించుకోండి

డాప్లర్ ఫ్రీక్వెన్సీ = 2 × వేగం × కాస్ తీటా ÷ తరంగదైర్ఘ్యం. ఆ 2 ఎందుకంటే తరంగం వెళ్ళేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి మారుతుంది కాబట్టి. తీటా అంటే రాడార్ చూసే గీతకీ రైలు వెళ్ళే దిశకీ మధ్య కోణం.

ప్రతిసారీ ఇదంతా లెక్కేయక్కర్లేదు, గంటకి ఒక కిలోమీటర్ వేగానికి ఎన్ని హెర్ట్జ్ వస్తుందో గుర్తుంటే చాలు. 24.125 మాడ్యూల్‌కి 44.7 హెర్ట్జ్, 10.525 మాడ్యూల్‌కి 19.5 హెర్ట్జ్. ఇవి కోణం సున్నా ఉన్నప్పటి లెక్కలు. 72 కిలోమీటర్ల రైలంటే మొదటిదాంట్లో సుమారు 3,219 హెర్ట్జ్, రెండోదాంట్లో 1,404 హెర్ట్జ్. రెండూ చెవికి వినపడే శబ్దాలే కాబట్టి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి, రైలు దగ్గరికొచ్చేకొద్దీ ఆ కూత స్వరం ఎలా దిగుతుందో ఒకసారి విన్నాక 9వ స్టెప్ అంతా దానంతటదే అర్థమైపోతుంది.

3. నిలబడే చోటు

అన్నిటికంటే ముందు, రైల్వే కంచె బయటే ఉండండి. పట్టాలకి 10 మీటర్ల దూరం ఉన్నా కొలత చక్కగా వస్తుంది, ఇంకా దగ్గరికి వెళ్ళడం వల్ల సిగ్నల్ పెరిగినా రైలు మీ ఎదురుగా వచ్చే క్షణాల్లో కోణం ఇంకా వేగంగా మారిపోతుంది, అంటే దగ్గరికి వెళ్తే ప్రమాదమే తప్ప లాభం లేదు.

- పట్టాలు కనీసం 150 మీటర్లు తిన్నగా ఉండాలి, వంపులో కోణం లెక్క తేలదు
- రైలు బ్రేక్ వేసే చోటు, అప్పుడే వేగం అందుకునే చోటు వద్దు
- రాడార్‌కీ పట్టాలకీ మధ్య చెట్ల కొమ్మలు ఉండకూడదు, గాలికి ఆకులు ఊగితే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో చెత్త నిండుతుంది
- దగ్గర్లో ట్యూబ్‌లైట్ వద్దు. దాని లోపలి గ్యాస్ మైక్రోవేవ్‌ని వెనక్కి కొడుతుంది, 50 హెర్ట్జ్ కరెంట్ మీద నడిస్తే 100 హెర్ట్జ్ దగ్గర ఒక గీత కూర్చుంటుంది. 24 గిగాహెర్ట్జ్ మాడ్యూల్‌లో అది అచ్చం 2.2 కిలోమీటర్ల వేగంలాగే కనపడుతుంది

పట్టాల మధ్య గీత నుంచి రాడార్‌కి లంబంగా ఎంత దూరమో కొలిచి రాసుకోండి. కంచె లోపలికి వెళ్ళకుండానే ఎలా అంటే, కంచె వెంబడి 20 మీటర్లు కొలిచి రెండు చివర్ల నుంచీ పట్టాల అవతల ఉన్న ఒకే స్తంభాన్ని చూసి కోణాలు తీసుకోండి, త్రిభుజం లెక్కతో దూరం వచ్చేస్తుంది. ఆ స్తంభానికీ పట్టాలకీ మధ్య ఎడం మాత్రం తీసేయడం మర్చిపోవద్దు. లేజర్ దూరమాపని ఉంటే ఇదంతా అక్కర్లేదు. ఈ దూరం లేకపోతే తర్వాతి లెక్కలన్నీ ఊహలే.

4. కోణం

రాడార్ ఎప్పుడూ నిజం కంటే తక్కువే చూపిస్తుంది, ఎందుకంటే కాస్ తీటా ఒకటి దాటదు. 15 డిగ్రీలకి 0.966, 20కి 0.940, 30కి 0.866, 45కి 0.707. అంటే 45 డిగ్రీల్లో చూస్తే 72తో వెళ్ళే రైలు 51 అని కనిపిస్తుంది. వచ్చిన అంకెని కాస్ తీటాతో భాగిస్తే సరిపోతుంది కదా అనొచ్చు, సరిపోతుంది, కానీ ఆ కోణం మీకు ఎంత కచ్చితంగా తెలుసు అన్నదే అసలు ప్రశ్న. 20 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ తప్పితే వేగంలో 0.6 శాతం తేడా, అదే 45 దగ్గర ఒక డిగ్రీ తప్పితే 1.7 శాతం. కాబట్టి కోణం చిన్నగా ఉంచుకోండి, పట్టాల వెంబడి దూరంగా చూసేలా తిప్పండి, రైలుకి ఎదురుగా లంబంగా మాత్రం అస్సలు పెట్టొద్దు, 90 డిగ్రీలకి వేగం సున్నా.

పై నుంచి కిందకి చూస్తున్నా కోణమే. వంతెన మీద నిలబడి 15 డిగ్రీలు కిందకి, 20 డిగ్రీలు పక్కకి చూస్తుంటే రెండు కొసైన్లనీ గుణించాలి, 0.966 × 0.940 = 0.908. కిందకి చూసే కోణాన్ని చాలామంది మర్చిపోతారు.

ఇంకో చిక్కు, ఈ చిన్న మాడ్యూళ్ళ బీమ్ చాలా వెడల్పు. హెచ్‌బి100 ది ఒకవైపు సుమారు 80 డిగ్రీలు, ఇంకోవైపు 40. మీరు 20 డిగ్రీలకి తిప్పాననుకున్నా అది ఎదురుగా ఉన్నదాన్నీ చూస్తుంది, పక్కనున్నదాన్నీ చూస్తుంది. యాంటెన్నా పొడవుగా ఉన్న వైపు బీమ్ సన్నగా ఉంటుంది కాబట్టి ఆ పొడవు నేలకి సమాంతరంగా వచ్చేలా బిగించండి. ముందు చిన్న రేకు హార్న్ (గరాటు) పెడితే ఇంకా మంచిది. ఏం చేసినా ట్రైపాడ్ కోణాన్ని గుడ్డిగా నమ్మి భాగించకండి, వెడల్పు బీమ్‌లో కోణాన్ని ట్రైపాడ్ కాదు, ఆ క్షణంలో రైలు ఎక్కడుందో అది నిర్ణయిస్తుంది.

5. ఆంప్లిఫైయర్

మాడ్యూల్ నుంచి వచ్చేది మైక్రోవోల్టుల్లో ఉంటుంది, పదివేల రెట్ల దాకా పెంచాలి, అంటే 80 డెసిబెల్స్. స్టేజికి 100 రెట్లు చొప్పున రెండు స్టేజిలు.

నేను మొదట్లో ఇక్కడే రెండు వారాలు పోగొట్టుకున్నా. మనిషి కదలికని పట్టుకోవడానికి గీసిన సర్క్యూట్ ఒకటి అలాగే కట్టేశాను, చెయ్యి ఊపితే బ్రహ్మాండంగా పనిచేసేది, రైలు వెళ్తే ఏమీ లేదు. కారణం ఫీడ్‌బ్యాక్‌లో ఉన్న కెపాసిటర్. 1 మెగాఓమ్ పక్కన 2.2 నానోఫారడ్ ఉంటే కట్ఆఫ్ (సిగ్నల్ తగ్గిపోవడం మొదలయ్యే హద్దు) 72 హెర్ట్జ్ దగ్గరే, అంటే 10.525 మాడ్యూల్‌లో నాలుగు కిలోమీటర్ల వేగం కూడా దాటదు. మెల్లగా నడిచే మనిషి దాకానే.

రైలుకి స్టేజి ఇలా ఉండాలి:

- ఇన్‌పుట్ రెసిస్టర్ 10 కిలోఓమ్, దానికి వరసగా 0.1 మైక్రోఫారడ్. 160 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గుతుంది, కరెంట్ గుయ్‌మనే మోత కూడా అందులో పోతుంది
- ఫీడ్‌బ్యాక్ 1 మెగాఓమ్, దానికి పక్కగా 10 పికోఫారడ్. పైన కట్ఆఫ్ 16 కిలోహెర్ట్జ్
- ఆప్ఆంప్ ప్లస్ కాలుకి సగం సప్లై వోల్టేజ్
- రెండో స్టేజి తర్వాత గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలన్నది) తగ్గించుకోవడానికి ఒక పాట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్)

ఆప్ఆంప్ విషయంలో, ఎల్ఎమ్358 గెయిన్ బ్యాండ్‌విడ్త్ (పెంచే రెట్లనీ ఫ్రీక్వెన్సీనీ గుణిస్తే వచ్చే హద్దు) సుమారు 1 మెగాహెర్ట్జ్, 100 రెట్లు అడిగితే 10 కిలోహెర్ట్జ్ దగ్గరే అలిసిపోతుంది. మామూలు రైళ్ళకి పరవాలేదు. 300 కిలోమీటర్ల రైలుని 24 గిగాహెర్ట్జ్‌తో కొలవాలంటే 13.4 కిలోహెర్ట్జ్ దాకా రావాలి కాబట్టి 10 మెగాహెర్ట్జ్ ఉన్న ఎంసిపి6022 లాంటిది వాడండి, అది 5 వోల్టుల మీదే నడుస్తుంది. మాడ్యూల్ నుంచి మొదటి స్టేజి దాకా వైరు వేలెడంత కంటే పొడవు ఉండొద్దు, మొత్తాన్నీ రేకు డబ్బాలో పెట్టి గ్రౌండ్ చేయండి, యాంటెన్నా ముఖం వైపు మాత్రం రేకు లేకుండా వదలండి.

6. రికార్డింగ్

44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్, వేవ్ ఫైల్, కుదింపు లేకుండా. ఫోన్ వాయిస్ రికార్డర్‌తో పని కానిచ్చేద్దాం అనుకోకండి, కొన్ని యాప్‌లు 8 కిలోహెర్ట్జ్‌తోనే రికార్డ్ చేస్తాయి. 8 కిలోహెర్ట్జ్ శాంపిలింగ్‌లో 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్నది పోతుంది, లేదా ఫిల్టర్ సరిగ్గా లేకపోతే మడతపడి కిందకొచ్చి కూర్చుంటుంది. 100 కిలోమీటర్ల రైలు 4,471 హెర్ట్జ్ ఇవ్వాలి, మడతపడితే 3,529 దగ్గర కనిపిస్తుంది, మీరేమో 79 అని రాసుకుంటారు. చూడ్డానికి నమ్మేలా ఉంటుంది, అదే దీంట్లో ఉన్న ప్రమాదం.

- ఆటో గెయిన్, నాయిస్ సప్రెషన్, ఎకో క్యాన్సిలేషన్ మూడూ ఆఫ్
- మైక్ ఇన్‌పుట్ వద్దు, లైన్ ఇన్‌పుట్ వాడండి. మైకే దిక్కయితే మధ్యలో కెపాసిటర్ పెట్టండి
- రైలు దగ్గరికొచ్చాక కూడా పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు
- రైలు రాకముందు 10 సెకన్లు, పోయాక 10 సెకన్లు రికార్డ్ అవ్వాలి
- అదే సమయంలో ఫోన్‌తో వీడియో

7. రైలు దగ్గరికి వెళ్ళే ముందు శృతిదండంతో పరీక్ష

శృతిదండాన్ని తట్టి రాడార్ ముందు జానెడు దూరంలో పెట్టండి. 440 హెర్ట్జ్ దండం అయితే స్పెక్ట్రంలో సరిగ్గా 440 దగ్గర గీత లేవాలి, 24.125 మాడ్యూల్ అది 9.84 కిలోమీటర్లని చెప్పాలి, 10.525 అయితే 22.56. రాకపోతే ఆంప్లిఫైయర్, శాంపిల్ రేట్, మీ హెర్ట్జ్ లెక్క, ఈ మూడింట్లో ఒకటి తప్పు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, ఈ పరీక్ష మాడ్యూల్ అసలు ఫ్రీక్వెన్సీ సరైనదా కాదా చెప్పదు, దండం ఎంత కంపిస్తే అంతే గీత వస్తుంది. కోణం గురించీ ఏమీ చెప్పదు. ఫ్రీక్వెన్సీ గురించి పెద్దగా దిగులక్కర్లేదు లెండి, 24.125లో 10 మెగాహెర్ట్జ్ అటూఇటూ అయినా తేడా 0.04 శాతమే.

8. ఎఫ్ఎఫ్‌టి

పైథాన్, దాని లెక్కల లైబ్రరీలు నంపై, సైపై ఉంటే ఇరవై లైన్ల పని.

- 150 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని హైపాస్ ఫిల్టర్‌తో తీసేయండి
- 4,096 శాంపిళ్ళ ముక్కలు, 75 శాతం ఓవర్‌ల్యాప్, హాన్ విండో (ముక్క రెండు చివర్లనీ మెల్లగా సున్నాకి తెచ్చేది)
- ప్రతి ముక్కకీ ఎఫ్ఎఫ్‌టి తీసి డెసిబెల్స్‌లోకి మార్చి స్పెక్ట్రోగ్రామ్ (సమయంతో ఫ్రీక్వెన్సీలు ఎలా మారాయో చూపే బొమ్మ) గీయండి
- ప్రతి ముక్కలో మీడియన్‌ని నాయిస్ ఫ్లోర్ (సిగ్నల్ లేనప్పుడు కూడా ఉండే మోత మట్టం) అనుకుని, దానికి 12 డెసిబెల్స్ పైన ఉన్నదాన్నే సిగ్నల్‌గా తీసుకోండి
- పీక్ బిన్ (అన్నిటికంటే ఎత్తైన ఫ్రీక్వెన్సీ గడి), దానికి అటూఇటూ ఉన్న రెండు బిన్లు, ఈ మూడింటి మీద పారాబోలా వేసి అసలు శిఖరం ఎక్కడుందో పట్టుకోండి

4,096 ఎందుకు? 44.1 కిలోహెర్ట్జ్‌లో అది 93 మిల్లీసెకన్లు, బిన్ వెడల్పు 10.8 హెర్ట్జ్, అంటే 24 గిగాహెర్ట్జ్‌లో 0.24 కిలోమీటర్లు. ఇంకా సన్నటి బిన్లు కావాలని 16,384 పెట్టేవాళ్ళున్నారు, అది రైలుకి కుదరదు. 72తో వచ్చే రైలు, మీరు 10 మీటర్ల పక్కన, దాని ముఖం ఇంకా 30 మీటర్ల దూరంలో ఉంది అనుకోండి. అప్పటికే కోణం మారడం వల్ల డాప్లర్ సెకనుకి 200 హెర్ట్జ్ చొప్పున పడిపోతోంది. 93 మిల్లీసెకన్లలో 19 హెర్ట్జ్, రెండు బిన్ల లోపే. 16,384 అంటే 0.37 సెకను, ఈలోపు 75 హెర్ట్జ్ జారుతుంది, బిన్లేమో 2.7 హెర్ట్జ్ వెడల్పే, 28 బిన్లలో పీక్ చెదిరిపోతుంది. సన్నగా కోద్దామని పోతే మొత్తం అలుక్కుపోయింది అన్నమాట.

ఐ, క్యూ రెండూ ఉంటే ఒకదాన్ని రియల్, ఇంకోదాన్ని ఇమాజినరీగా పెట్టి కాంప్లెక్స్ ఎఫ్ఎఫ్‌టి చేయండి, వచ్చే రైలు ఒకవైపు, పోయే రైలు ఇంకోవైపు పడతాయి. దిశ తిరగబడి కనిపిస్తే ఐ, క్యూ వైర్లు మార్చి పెట్టారని అర్థం. పక్క పట్టాల మీద ఎదురు రైలు వచ్చినప్పుడు ఇదొక్కటే ఆదుకునేది.

9. ఏ పీక్‌ని నమ్మాలి

స్పెక్ట్రోగ్రామ్ తెరవగానే అందరూ చేసే పని, ఒక్కో ముక్కలో అన్నిటికంటే ఎత్తైన పీక్ తీసుకుని సరాసరి చేయడం. కారుకైతే పనికొస్తుందేమో గానీ రైలుకి పనికిరాదు. కారు చిన్నది, రైలు వందల మీటర్ల పొడవు, మీ ముందు నుంచి వెళ్తున్నంతసేపూ ఒక బోగీ 20 డిగ్రీల్లో, ఇంకోటి 60లో, ఇంకోటి అవతలివైపు వెళ్ళిపోతూ ఉంటాయి, అన్నీ ఒకే వేగంతో వెళ్తున్నా ఒక్కోటి ఒక్కో ఫ్రీక్వెన్సీ ఇస్తుంది. పైగా బోగీ పక్క గోడ నున్నటి లోహం, అద్దంలాగా తరంగాన్ని అవతలికి కొట్టేస్తుంది. బలంగా తిరిగొచ్చేది ఇంజిన్ ముఖం నుంచి, బోగీల మధ్య సందుల నుంచి, కింద చక్రాల దగ్గర నుంచి.

చక్రాలు ఇంకో తలనొప్పి. దొర్లే చక్రంలో పట్టాకి తగిలే చోటు కదలదు, పై అంచు మాత్రం రైలు వేగానికి రెట్టింపుతో ముందుకెళ్తుంది. అందుకని అసలు వేగం గీత పైన, రెట్టింపు దాకా, పలచటి పొగలాగా సిగ్నల్ కనిపిస్తుంది. బాగా పైన ఉన్న ఫ్రీక్వెన్సీయే అసలు వేగం అని తీసుకుంటే దెబ్బతింటారు.

నమ్మాల్సింది రైలు ముఖం దూరంగా ఉండి మీవైపు వస్తున్నప్పటి గీతని. 72 కిలోమీటర్ల రైలు, 10 మీటర్ల దూరం, 24.125 మాడ్యూల్, లెక్క చూడండి:

- ఎదురుగా రావడానికి 3 సెకన్ల ముందు, 60 మీటర్ల దూరంలో: 3,175 హెర్ట్జ్, 71.0 కిలోమీటర్లు
- 1.5 సెకన్ల ముందు, 30 మీటర్లు: 3,054 హెర్ట్జ్, 68.3
- అర సెకను ముందు, 10 మీటర్లు: 2,276 హెర్ట్జ్, 50.9
- సరిగ్గా ఎదురుగా: సున్నా

మొదట్లో చెప్పిన 68, 51 ఇవే. రాడార్ తప్పు చెప్పలేదు, రెండు వేర్వేరు క్షణాల్లో రెండు వేర్వేరు నిజాలు చెప్పింది.

కాబట్టి గీత దాదాపు అడ్డంగా ఉన్న ముక్కని పట్టుకోండి. తర్వాత అక్కడితో ఆగకుండా కర్వ్ ఫిట్ చేయండి: ఒక క్షణంలో ముఖం ఎంత దూరంలో ఉందంటే, వేగం × ఎదురుగా రావడానికి మిగిలిన సమయం. ఆ దూరాన్ని, దాని వర్గానికి లంబ దూరం వర్గం కలిపి తీసిన వర్గమూలంతో భాగిస్తే అదే కాస్ తీటా. లంబ దూరం మీరు కొలిచేశారు, ఇక తెలియనివి రెండే, వేగం, ఎదురుగా వచ్చిన క్షణం. సైపైలో కర్వ్ ఫిట్‌కి ఇచ్చేస్తే రెండూ చెప్తుంది. ట్రైపాడ్ కోణంతో పనే ఉండదు. ఎదురుగా వచ్చిన క్షణాన్ని వీడియోతో కూడా సరిచూసుకోవచ్చు.

రైలు తోక వెళ్ళిపోతున్నప్పుడు ఇదే లెక్క తిరగేసి చేయాలి, అప్పుడు రాడార్‌ని రైలు వెళ్ళే వైపు తిప్పి పెట్టుకుని ఉండాలి. ముఖంతో వచ్చిన వేగం, తోకతో వచ్చిన వేగం ఒక శాతం లోపల కలిస్తే నాకు నమ్మకం కుదురుతుంది.

10. రాడార్ లేకుండా సరిచూసుకోవడం

వీడియోలో ఒక స్తంభాన్ని గుర్తుగా పెట్టుకుని ఇంజిన్ ముందు భాగం దాన్ని దాటిన ఫ్రేమ్, చివరి బోగీ దాటిన ఫ్రేమ్ రాసుకోండి. రైలు పొడవుని ఆ సమయంతో భాగించండి. 240 మీటర్ల రైలు 12 సెకన్లలో దాటితే సెకనుకి 20 మీటర్లు, 3.6తో గుణిస్తే 72. స్టాప్‌వాచ్‌తో చేస్తే 0.2 సెకను తప్పు పడినా 1.7 శాతం పోతుంది, ఫ్రేములు లెక్కపెడితే అంత పోదు.

11. లక్షణం చూసి జబ్బు పట్టుకోవడం

- అసలు గీతకి సరిగ్గా మూడు రెట్ల దగ్గర ఇంకో గీత: ఆంప్లిఫైయర్ క్లిప్ అవుతోంది (సిగ్నల్ హద్దు దాటి తలలు కోసుకుపోతోంది), గెయిన్ తగ్గించండి
- రైలు లేకపోయినా కదలని గీత: ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, అయినా ఉంటే దగ్గర్లో లైటో ఫ్యానో ఉంది
- కొంత వేగం దాటాక ఏమీ రావట్లేదు: ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ పెద్దది, లేదా శాంపిల్ రేట్ తక్కువ
- దూరం నుంచి సిగ్నల్ లేదు, దగ్గరికొచ్చాకే వస్తోంది: రాడార్ మరీ పక్కకి తిరిగి ఉంది, పట్టాల వెంబడి చూసేలా తిప్పండి, హార్న్ పెట్టండి
- ఒక్కో బోగీ వెళ్ళినప్పుడల్లా అంకె ఎగిరెగిరి పడుతోంది: మధ్య భాగాన్ని లెక్కలోకి తీసుకుంటున్నారు, 9వ స్టెప్ మళ్ళీ చదవండి
- కాంప్లెక్స్ ఎఫ్ఎఫ్‌టిలో రెండువైపులా ఒకే గీత, ఒకటి పలచగా: ఐ, క్యూ గెయిన్లు సమానంగా లేవు

12. రాడార్‌ని రైలు కిందే పెట్టాలనుకుంటే

చక్రం జారినప్పుడు చక్రం లెక్క తప్పు చెప్తుంది కాబట్టి ఇంజిన్ కింద నుంచి కంకరని చూసే రాడార్లు వాడతారు. అక్కడ కోణం మారదు, కంకర గరుకుగా ఉంటుంది కాబట్టి సిగ్నల్ బాగా వస్తుంది, పొడవాటి ఎఫ్ఎఫ్‌టి కూడా నడుస్తుంది. ఇబ్బంది ఏంటంటే రైలు ముందుకీ వెనక్కీ కాస్త వంగినప్పుడల్లా కోణం కదులుతుంది, 45 దగ్గర ఒక డిగ్రీకి 1.7 శాతం అని పైన చూశాం కదా. అందుకే ఒక యాంటెన్నా ముందుకి, ఇంకోటి వెనక్కి, ఒకే కోణంలో పెట్టి రెండు ఫ్రీక్వెన్సీలనీ సరాసరి చేస్తారు. ఒకదాని కోణం ఒక డిగ్రీ పెరిగితే ఇంకోదాని కోణం అంతే తగ్గి, మిగిలే తప్పు 0.02 శాతం లోపే ఉంటుంది.